గీత దాకా నిండని సీసా

సెంగ్దావ్‌ది తేలిక చెయ్యి అని ఆ జిల్లా ఆసుపత్రిలో పేరు. సూది గుచ్చినట్టే తెలియదు, పైగా రక్తం కొంచెమే తీస్తుంది. దక్షిణ లావోస్ వరి ఊళ్ళ నుంచి వచ్చే రోగులు నర్సుల్లో ఆమెనే వెతుక్కునేవారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. దాన్ని కాస్త ముద్దుగానే మోసుకు తిరిగేది.

ఆ పేరు వింటే ల్యాబులో పనిచేసే విలైకి ఒళ్ళు మండేది. జ్వరానికి కారణం ఏ క్రిమో పెంచి చూడాలంటే, మందు ఎక్కించకముందే రెండు చేతుల నుంచీ రక్తం తీయాలి, రెండు సీసాలూ గీత దాకా నిండాలి. ఈ కొత్త పద్ధతిని వార్డు గోడ మీద బొమ్మలతో సహా అంటించారు. సెంగ్దావ్ పంపే సీసాకు అడుగు తడిసేది, అంతే.

"రోగుల మీద జాలా, నా మీద పగా? ఈ కాస్త రక్తంలో క్రిమి దొరకాలంటే అది కూడా నీ మీద జాలిపడాలి," అనేది విలై.

"నీకేం, తలుపేసుకుని కూర్చుంటావు. వాళ్ళ మొహాలు చూసేది నేను," అనేది సెంగ్దావ్.

నాట్ల కాలంలో సెంగ్దావ్ బావ తొంగ్ఖూన్‌ను మోసుకొచ్చారు. రోజూ బురదలో దిగే మనిషి, షుగరు జబ్బు, ఒళ్ళు కాలిపోతోంది. మణికట్ల నిండా తెల్ల దారాలు. మనిషిలో ఉంటాయని వాళ్ళు నమ్మే ముప్పై రెండు ప్రాణాలూ చెదిరిపోకుండా ఒంట్లోనే నిలవాలని ముందురోజే ఊరంతా కూడి కట్టారు. రక్తంతోపాటు అవి జారిపోతాయని ఇంటివాళ్ళ భయం.

"నిన్ననే కట్టించామే చెల్లీ! కొంచెమే తియ్యి. రెండో చెయ్యి ముట్టుకోకే, నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది అక్క బువాలి.

సెంగ్దావ్‌కు గోడ మీది బొమ్మలు తెలియక కాదు. కళ్ళ ముందు అక్క ఏడుస్తుంటే మనసొప్పలేదు. ఒక్క చేతి నుంచి, సగం సీసా కూడా తీయలేదు. తర్వాత మందు ఎక్కించారు. ఆ సాయంత్రం బావ లేచి కూర్చుని, జిగురన్నం ఉండ చేసుకుని చేపల పచ్చడిలో అద్దుకు తిన్నాడు.

"ఏం మరదలా, నా రక్తం రుచిగా లేదా? అంత తక్కువ తీశావు?" అని నవ్వాడు.

సీసాలో ఏమీ పెరగలేదు. ఆ మాట పట్టుకుని డాక్టరు అదే మందు కొనసాగించాడు. జ్వరం దిగకపోగా ఊపిరి బరువెక్కింది. విలై వార్డుకే వచ్చేసింది.

"ఏమీ లేదంటే క్రిమి లేదని కాదే తల్లీ, నువ్వు పంపింది చాల్లేదని. మళ్ళీ తియ్యి."

ఈసారి సెంగ్దావ్ ఎవరి మొహమూ చూడలేదు. చర్మం తుడిచి, ఆరేదాకా ఆగి, రెండు చేతుల నుంచీ రెండు సీసాలూ నింపింది. బువాలి ఆమె జబ్బ పట్టుకుని గుంజింది.

"చాలించవే! మనిషిని పిండేస్తున్నావు! నువ్వసలు నా తోడబుట్టినదానివేనా?"

క్రిమి పెరిగింది. బురదలో ఉండేదే, అన్నాళ్ళూ ఎక్కించిన మందుకు లొంగనిది. డాక్టరు వెంటనే మందు మార్చాడు. అది ఒంటికి పట్టేలోపే తొంగ్ఖూన్ పోయాడు.

చావింట్లో ఆడవాళ్ళు బువాలి చుట్టూ కూర్చున్నారు. సెంగ్దావ్ వాళ్ళకు మంచినీళ్ళు అందిస్తోంది.

"మొదటిరోజు నా చెల్లెలు కొంచెమే తీసింది. ఆ పూట లేచి కూర్చున్నాడు, అన్నం తిన్నాడు, నవ్వాడు. రెండోసారి సీసాలు నింపింది. ఇక లేవలేదు," అంది బువాలి.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. సెంగ్దావ్‌కు గుండె మండిపోయింది. చంపింది ఆ కొంచెమేనని అరవాలనిపించింది, నోరు కూడా తెరిచింది. కొంచెమే తియ్యమని బతిమాలింది ఎవరు? ఆ సంగతి తెలిస్తే అక్క ఇక బతకదు.

"అవునక్కా, ఎక్కువే తీశాను," అంది.

ఆడవాళ్ళు విన్నారా అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళంతా మర్నాడు అదే బురదలో నాట్లకు దిగేవాళ్ళే.