ప్రింటరు గీసిన నడుము

ఆ రోజుల్లో ఒక ఫొటో చూడాలంటే కళ్లు ఒక్కటే సరిపోయేవి కావు. అనుమతి కావాలి, ఓపిక కావాలి, కాస్త ఊహాశక్తి కూడా కావాలి. మొదటి రెండూ నా దగ్గర లేవు, మూడోది మాత్రం అవసరానికి మించి ఉండేది. తొంభైల నడిమి మాట ఇది. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో నేను తాత్కాలిక ఆపరేటర్ని. తార్నాకలో డాబా మీది గదిలో అద్దెకుంటూ, పొద్దున్నే ఇరానీ హోటల్లో చాయ్ తాగి, క్యాంపస్ చెట్ల కింద నడుచుకుంటూ డ్యూటీకి పోయేవాణ్ని. అసలు సర్వర్ క్యాంపస్ ఆ చివర, వేరే బిల్డింగ్‌లో, ఏసీ గదిలో ఉండేది. మా హాల్లో ఉన్నవి ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఇంకేమీ చూపించడం చేతకాని టెర్మినల్స్. ఇక్కడ కమాండ్ కొడితే అక్కడ పని జరిగి, జవాబు మళ్లీ ఇక్కడికి అక్షరాల్లోనే వచ్చేది. రంగులు కనిపించే కంప్యూటర్ ఒక్కటే ఒకటి, అది మా ఇన్‌చార్జి పెద్దసార్ గదిలో పూల గుడ్డ కప్పుకుని కూర్చునేది.

సర్వర్లో జాగా తక్కువ, రీసెర్చ్ స్కాలర్లు ఎక్కువ. ఎవరు ఎక్కువ జాగా మింగుతున్నారో కనిపెట్టి, పనికిరాని ఫైళ్లు తుడిచెయ్యడం నా పని. ఏది పనికిరానిదో తేల్చేది కూడా నేనే (ఇరవై మూడేళ్లవాడి చేతికి అలాంటి అధికారం ఇవ్వకూడదని ఇప్పుడు తెలుస్తోంది). దాంతో నాకు ప్రతివాడూ దొంగలాగే కనిపించేవాడు. అందరికంటే ఎక్కువగా గొడుగన్న. ముప్పై దాటిన మనిషి, లాలాపేట్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఎండైనా వానైనా హ్యాండిల్‌కు గొడుగు వేలాడాల్సిందే, అందుకే ఆ పేరు. ఏ సబ్జెక్టులో రీసెర్చి చేస్తున్నాడో నేనెప్పుడూ అడగలేదు. నేను చూసిందల్లా ఒకటే. గోడకు వీపు ఆనించి, మూల టెర్మినల్ దగ్గరే కూర్చుంటాడు. నేను అటు రెండడుగులు వేశానంటే టక్కున ఒక మీట నొక్కుతాడు, స్క్రీన్ ఖాళీ అయిపోతుంది.

ఒక బుధవారం పొద్దున అతని ఖాతాలో దూరాను. ఫైలు పేరు ముందు చుక్క పెడితే మామూలు జాబితాలో కనబడదు. గొడుగన్న ఖాతాలో అలా చుక్క పెట్టిన డైరెక్టరీ ఒకటి దొరికింది, అందులో నలభై ఫొటోలు. పేర్లు లేవు, ఒట్టి నంబర్లు. దాచాడంటే దాచాల్సినవే అయి ఉంటాయని నా గుండె ఆనందంతో కొట్టుకుంది. కానీ చూడటం ఎలా? పెద్దసార్ కంప్యూటర్ అడగాలంటే కారణం చెప్పాలి. అప్పుడు ఒక స్నేహితుడు ఇచ్చిన ప్రోగ్రాం గుర్తొచ్చింది. ఫొటోలో నల్లగా ఉన్నచోట పెద్ద పెద్ద అక్షరాలు, తెల్లగా ఉన్నచోట చుక్కలు పెట్టి, బొమ్మను అక్షరాలతో అల్లి ఇస్తుంది. ఒక ఫైలు మీద దాన్ని నడిపించి ప్రింటరుకు కొట్టాను. గరగరమంటూ రెండు బారల కాగితం బయటికొచ్చింది. దగ్గర్నుంచి చూస్తే అన్నీ ఎం లు, ఎక్స్ లు. గోడకు అతికించి పది అడుగులు వెనక్కి నడిచి, కళ్లు చికిలించి చూశాను. పైన గుండ్రంగా ఒక వంపు. కింద ఇంకా పెద్ద వంపు. రెంటి మధ్య సన్నగా, స్పష్టంగా, ఒక నడుము!

సాక్షి కావాలి కాబట్టి మా అటెండర్ తాళాలన్నను పిలిచి, అది గొడుగన్న ఖాతాలో దొరికిందని చెప్పాను. ఆయన కూడా పది అడుగులు నడిచి, తల అటూ ఇటూ వంచి చూసి గట్టిగా అరిచాడు. "గిది మన నీళ్ల కూజ సార్! పోయిన ఎండకాలంల పోయింది సూడుండ్రి, గదే! గీయననే గుంజుకపోయిండన్నట్టు!" (కూజా పోయిన దగ్గర్నుంచి ఆయన వైస్ ఛాన్సలర్ని కూడా అనుమానించాడు.)

విషయం పెద్దసార్ దాకా వెళ్లింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, మహా నియమాలవారు. ముందు కళ్లజోడుతో చూశారు, ఏమీ కనిపించలేదన్నారు. తర్వాత కళ్లజోడు తీసి చూశారు. "శివశివా!" అని వెంటనే మళ్లీ పెట్టుకున్నారు. "ఏవయ్యా, ఇలాంటివి నలభై ఉన్నాయా? సరస్వతీ నిలయంలోనా?" కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సాక్ష్యమని డ్రాయర్లో వేసి తాళం వేశారు (ఆ సాక్ష్యాన్ని మర్నాడు రెండుసార్లు పరిశీలించారని తాళాలన్న చెప్పాడు). ఖాతా వెంటనే మూసెయ్యాలి, శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఫైళ్లన్నీ తుడిచెయ్యాలి అని ఉత్తర్వు. నా ఉద్యోగం ఇంక పర్మనెంటే అనుకుంటూ ఆ పూట హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు కూడా తిన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం గొడుగన్న వచ్చాడు. "తమ్మీ, లాగిన్ అయితలేదు. ఏమైందే?"

"పెద్దసార్ని అడుగన్నా" అన్నాను, మొహం చూడకుండా.

పెద్దసార్ గదిలో, నా ముందే, సంభాషణ ఇలా సాగింది. "ఇవన్నీ మీవేనా?"

"నాయే సార్. మూడేండ్ల సంది జమ చేసిన."

"మూడేళ్లా! పెళ్లయినవారు కదా, మీ ఇంట్లో ఆవిడకు తెలుసా?"

"ఎందుకు తెల్వది సార్. కొన్నైతే ఆమెనే పట్టుకుంటె నేను తీసిన."

పెద్దసార్ మంచినీళ్లు తాగారు. గొడుగన్న చేతులు జోడించాడు. "సార్, అయిదింటికి తుడిచేస్తరని తాళాలన్న జెప్పిండు. అట్ల జెయ్యకుండ్రి. ఇంకోపారి తీద్దామన్నా అవి దొరకయి. సోమవారం మా గైడ్‌కు సూపియ్యకపోతె నా మూడేండ్లు మట్టిల గలుస్తయి. ఒక్కటన్న మీ కండ్లతోని సూడుండ్రి సార్." అతని గొంతు వణికింది. తప్పుచేసినవాడి గొంతు అలా వణకదని నాకప్పుడే కొంచెం భయం వేసింది. గడియారం మూడున్నర చూపిస్తోంది.

పెద్దసార్ సరేనన్నారు, నేను సర్వర్ బిల్డింగ్‌కు పరుగెత్తి, ప్రింటు తీసిన ఆ ఫైలునే ఫ్లాపీలోకి ఎక్కించి తెచ్చాను. పూల గుడ్డ తీశారు. తలుపు వెయ్యమంటే తాళాలన్న వేశాడు, లోపలి నుంచి. ఆ కంప్యూటర్ మీద ఫొటో ఒక్కసారిగా రాదు, పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా దిగుతుంది. ముందు లేత గోధుమ రంగులో నున్నటి వంపు దిగింది. పెద్దసార్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు, ఒక కన్ను మాత్రం ఇటే ఉంది. "చాలు, చాలు, ఆపెయ్" అన్నారు. "ఆగుండ్రి సార్, అసలుది కిందికున్నది" అన్నాడు గొడుగన్న ఆత్రంగా. నడుము వచ్చింది. ఇంకో వంపు వచ్చింది. దాని మీద గరుకు గరుకు గీతలు, ఒక నల్లటి బూజు మచ్చ, చివర్న అంటుకున్న ఎర్రమట్టి, పక్కన కొలత కోసం పెట్టిన స్కేలు. రెండు గింజల పల్లికాయ.

"కూజ గాదు" అన్నాడు తాళాలన్న నిరాశగా.

పల్లికాయలకు పట్టే బూజు మీద ఆ అన్న రీసెర్చి. కాయలు ఎప్పుడో కుళ్లిపోయాయి, మిగిలింది ఫొటోలే. హబ్సిగూడ ల్యాబులో పనిచేసే దోస్తు స్కాన్ చేసి ఇస్తే సర్వర్లో పెట్టుకున్నాడు, ఆ తర్వాత ప్రింట్లకు చెదలు పట్టాయి. "నేను మొదట్నుంచీ ఏదో కాయే అనుకున్నానయ్యా, ఈ కుర్రాడే తొందరపడ్డాడు" అన్నారు పెద్దసార్. నాలుగున్నరకల్లా ఖాతా తెరిచి, నలభై ఫొటోలూ ఉన్నాయని లెక్కపెట్టి చూపించాను.

"మరి ఎందుకు దాచావన్నా?" అని అడిగాను. అతను కోపంగా చెప్పలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "నీకు భయపడే తమ్మీ. జువాలజీ అక్క ఆర్నెల్ల చేపల వివరాలు పనికిరానియని తుడిచేసినవు గద. ఆమె ఎంత ఏడ్చిందో నీకు తెల్వది. గప్పటి సంది అందరం దాసుకుంటున్నం. నువ్వొస్తే స్క్రీన్ ఖాళీ జేస్తం." హాల్లోకి వచ్చి నడిచాను. నేను పోతుంటే వరసగా టక్ టక్ మని మీటలు, వరసగా ఖాళీ అయ్యే స్క్రీన్లు. ఇన్నాళ్లూ వీళ్లందరూ తప్పు చేస్తున్నారనుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మర్నాడు జువాలజీ అక్క దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె క్షమించలేదు, అది న్యాయమే.

రెండేళ్లకు గొడుగన్న థీసిస్ బైండు చేయించి ఒక కాపీ నాకు తెచ్చిచ్చాడు. కృతజ్ఞతల పేజీలో, గైడ్ తర్వాత, భార్యకంటే ముందు, ఒక వాక్యం: 'నా ఫైళ్లను శ్రద్ధగా చూసుకున్న కంప్యూటర్ సెంటర్ తమ్ముడికి.' అది నిజంగా కృతజ్ఞతా, లేక నలుగురి ముందూ వాత పెట్టడమా? వారం రోజులు సరిగా అన్నం తినలేదు. అన్నను అడిగితే పోయేది, అడగలేదు. అతనికి ఎత్తిపొడవడం చేతకాదని తెలిసి కూడా ఆ పేజీని తిప్పి తిప్పి చదివాను. ఇప్పుడు నాలోని అప్పటి కుర్రాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలనిపిస్తుంది: అది ఉత్త థాంక్సే రా, తీసుకో.