టెర్రస్ తలుపు దగ్గర సెంట్రీ

కోకాపేట టవర్‌లో నేను రిపోర్ట్ చేసింది జూన్ మొదటి సోమవారం, ఉదయం ఏడు నలభైకి. ముప్పై నాలుగు అంతస్తులు, నాలుగు గేట్లు, పదకొండు పోస్టులు. ముందు ఔటర్ రింగ్ రోడ్డు, వెనక ఇంకా లేస్తున్న మూడు టవర్లు, మధ్యలో ఎర్రమట్టి. నాకిచ్చిన సామాను ఒక వాకీటాకీ, ఒక టార్చి, ఒక విజిల్. పదిహేడేళ్లు పదాతిదళంలో చేసి హవల్దారుగా దిగినవాణ్ణి, ఇక్కడ సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. గోపన్‌పల్లిలో కిరాయి గది. డ్యూటీ ఎనిమిది నుంచి ఎనిమిది దాకా. మీరు నవ్వితే నవ్వండి గానీ, నా మట్టుకు అదీ ఒక పోస్టింగే.

చేరిన వారంలోనే ఫౌజు పద్ధతి ఒకటి పెట్టాను. ప్రతి పోస్టు దగ్గరా గోడకు ఆర్డర్ల కాగితం. పొద్దున రౌండులో నేను వెళ్లి ఎదురుగా నిలబడితే, గార్డు దాన్ని చూడకుండా అప్పజెప్పాలి. అబ్బో, ఎన్ని సణుగుళ్లో!

"గిదేంది సార్, ఎక్కాలు చదివిస్తున్నవ్?" అన్నాడు సీసీటీవీ ఆపరేటర్. హన్మకొండ మనిషి, నోరు ఊరుకోదు.

సణగనిది ఒక్క ఏడో నంబర్ పోస్టు. పైఅంతస్తులో టెర్రస్ తలుపు దగ్గరుండే లేడీ గార్డు. నలభై ఏళ్లుంటాయి, వికారాబాద్ దిక్కు నుంచి వచ్చింది. తలుపు తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఆ తలుపు దాటితే ఝూలా, అంటే బయటి గాజు తుడిచేవాళ్లు నిలబడి కిందికి దిగే ఇనుప తొట్టి. అందుకని నాలుగో ఆర్డర్ నేనే రాశాను: గాలి వేగం ముప్పై దాటితే తలుపు తీయరాదు, ఎవరు అడిగినా. ఆ చివరి రెండు మాటల దగ్గర ఆమె గొంతు కాస్త పెంచేది.

తొమ్మిదో అంతస్తు కంపెనీలో శుక్రవారం నాలుగింటికి స్టాఫ్‌కు సినిమా వేసేవాళ్లు. ఆ వానాకాలమంతా పాత కౌబాయ్ సినిమాలే. తలుపు దగ్గర డ్యూటీ వంకతో నేనూ చూసేవాణ్ణి. దుమ్ము రోడ్డు, చెక్క ఇళ్లు, దుండగులు వస్తున్నారన్న కబురు. ఊరంతా తలుపులు వేసుకుంటుంది. టోపీ పెట్టుకున్న ఒక్కడు తుపాకీతో నడుస్తాడు. నాకు ఎక్కడ లేని అనుమానాలు. వీడికి ఆర్డర్ ఎవరిచ్చారు? వెనక నుంచి కాల్పులతో కాచే కవర్ ఫైర్ ఎవరిస్తారు?

"ఈనకు బడ్డీ ఎవడు?" అని ఆపరేటర్‌ని అడిగాను. "మా పోస్టు మీద దొడ్డికి పోయినా ఇద్దరం పోతుంటిమి."

"అందుకే మీ మీద సినిమా తీయలే సార్. అందరు తలుపులు మూసుకుంటేనే గద హీరో అయితడు."

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆ ఊళ్లో మంగలి ఉన్నాడు, దుకాణదారు ఉన్నాడు, చర్చికి పోయే పెద్దమనుషులున్నారు. ఒక్కడూ చెడ్డవాడు కాదు. కిటికీ వెనక నిలబడి వాళ్లు ఏమనుకుంటూ ఉంటారు? కథ రాసినవాడికి మనుషులు తెలియరనుకున్నాను. ఆ వీధిలో నేనుంటే దిగి వెళ్లేవాణ్ణని నాకు గట్టి నమ్మకం.

ఆగస్టులో ఒక గురువారం, పదకొండు ఇరవైకి ఫెసిలిటీ మేనేజర్ పిలిచాడు. భీమవరం ఆయన, మంచివాడు, కనబడితే మా పిల్లల సంగతి అడిగేవాడు. మూడింటికి పెద్ద గెస్టులు వస్తున్నారు, ముందు వైపు గాజంతా మట్టి చారలు. ఆయన స్క్రీన్ మీద గాలి వేగం గంటకు నలభై ఒక్క కిలోమీటర్లు.

"అరగంట పనండి హవల్దార్ గారూ. ఝూలా పర్మిట్ మీద సంతకం పెట్టేయండి."

"సర్, గాలి..."

"ఇది ఆర్డరండి."

ఆ మాట చెవిన పడగానే నా మడమలు వాటంతట అవే కలిశాయి. "యెస్ సర్" అనేశాను. సంతకం కూడా అయిపోయింది. పదిహేడేళ్ల అలవాటు ఆలోచన కంటే ముందు పరుగెత్తింది.

పైకి వెళ్లాం. మేనేజర్, నేను, ఇద్దరు గార్డులు, బెల్టులు కట్టుకున్న ఇద్దరు గాజు తుడిచేవాళ్లు. వాళ్లలో ఒకతను అరచేయి ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉన్నాడు. లేడీ గార్డు తలుపుకు అడ్డంగా, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని నిలబడింది.

"తియ్యమ్మా," అన్నాడు మేనేజర్.

ఆమె అటెన్షన్‌లో నిలబడి అప్పజెప్పింది. "ఆర్డర్ నంబర్ నాలుగు. గాలి వేగం ముప్పై దాటితే తలుపు తీయరాదు. ఎవరు అడిగినా."

"మీ సూపర్‌వైజర్ గారే సంతకం పెట్టారు, చూసుకో."

చూసింది. "సంతకం కాగితం మీదున్నది సార్. గాలి బయటున్నది."

"ఉద్యోగం పోతుంది నీది!"

"పోతే పోతది సార్. వీళ్లు పోతే మల్ల రారు గద."

అప్పుడు తల తిప్పి నా వైపు చూసింది. ఒక గార్డు ఫోన్ తీసి అందులోకి చూస్తున్నాడు. ఇంకొకడు లిఫ్ట్ బటన్ నొక్కుతున్నాడు. నేను ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాను. నా సంతకం వాపసు తీసుకుంటున్నానని ఒక్క ముక్క చెబితే చాలు. ఆ ముక్క నా నోట రాలేదు. ఊరికల్లా ఆర్డర్లు రాసిపెట్టిన నా పని, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

మేనేజర్ నాలుగు నిమిషాలు అరిచాడు. ఆమె పిడికిలి తెరవలేదు. పదకొండు యాభై రెండుకు ఆయన దిగిపోయాడు. తుడిచేవాళ్లిద్దరూ బెల్టులు విప్పుకున్నారు.

ఒంటిగంటకు గాలి దానంతట అదే పడిపోయింది. ఏ గాజూ పగల్లేదు, ఏ తాడూ తెగలేదు. ఆ గాలిలో ఝూలా దిగి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. మర్నాడు డ్యూటీ చార్టులో ఆమె పేరు లేదు.

అప్పుడు వెళ్లాను మేనేజర్ దగ్గరికి. తప్పు నాది, పర్మిట్ నాది, తీసేస్తే నన్ను తీసేయండి అన్నాను. ఆయన టీ తాగుతున్నాడు. "ఇప్పుడెందుకండి, అయిపోయింది కదా," అన్నాడు. నెలాఖరుకు నేను మానేశాను.

సామాను సర్దుకుని జనగామ బస్సుకు బయల్దేరిన రోజున, గోపన్‌పల్లిలోనే ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆమె కనబడింది. కొత్త యూనిఫాం. నన్ను చూసి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ రోజు భయం కాలేదా అమ్మా?"

"ఎందుకు కాలే సార్? మస్తయింది. మీరొచ్చి పక్కకు నిలబడతరనుకున్న. గందుకే మీ దిక్కు చూసిన."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఇప్పుడు ఊళ్లో పొలం చూసుకుంటున్నాను. కిటికీ వెనక మనుషులు ఏమనుకుంటారో నాకిప్పుడు తెలుసు. ఏమీ అనుకోరు, అది గడిచిపోయేదాకా ఆగుతారంతే. ఫౌజులో కాపలా కాసిన మంచు పోస్టుల సంగతి అడిగితే చాలావరకు మరిచిపోయాను. ముప్పై నాలుగో అంతస్తులో ఆ ఒక్క క్షణం మాత్రం పోదు. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను నేల చూశాను.