నలుగురిలో చదివిన కాగితం

బెల్లంపల్లిలో లైన్లని పిలిచే బొగ్గుగని కూలీల ఇళ్ళ వరసల మధ్య ఉన్న నల్లా దగ్గర ఒక మనిషి తల పగలడం నేను పళ్ళు తోముకుంటూ చూశాను. ఉత్తరాది నుంచి కంపెనీ తెచ్చిన కూలీ అతను. వంతు రాకముందే బిందె పెట్టాడని మా లైన్లవాళ్ళు ముగ్గురు కలిసి ఇనుప బకెట్టుతో బాదారు. నోట్లో వేపపుల్ల ఉండగానే అరిచాను. అరవడం తప్ప ఇంకేం చెయ్యలేదని ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్ళవి. నేను అక్కడ బడిపంతులును. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడి పిల్లలకూ తెలుసు, నా భార్యకూ తెలుసు. ఆ ఉత్తరాదివాళ్ళను కంపెనీ గుంపులుగా తెచ్చి, ఊరి బయట ముళ్ళతీగ కంచె వేసి, టార్పాలిన్ డేరాల్లో పెట్టింది. మన పని లాక్కోవడానికే వచ్చారని లైన్లలో అందరికీ కడుపుమంట. నల్లా దగ్గర నెత్తురు పడ్డాక పై నుంచి ఒక అధికారి వచ్చాడు. వీళ్ళను కంచెలోనే ఉంచాలా, లైన్లలో ఖాళీగా ఉన్న క్వార్టర్లిచ్చి మన మధ్యకు తేవాలా అన్నది జనాన్ని అడిగి తేలుద్దామన్నాడు. ఇంటింటికీ తిరిగి అభిప్రాయాలు రాసే పని నా నెత్తిన పడింది.

మా వెనక లైనులో ఒకామె ఒంటరిగా ఉండేది. గని పైకప్పు కూలి ఆమె మొగుడు పోయాడు. తను బొగ్గులో రాళ్ళు ఏరే పనికి పోయేది. ఆమె పక్క క్వార్టరు ఖాళీ. తల పగిలిన మనిషి భార్యను ఆమె కంచె దగ్గర చూసిందట.

"పక్కిల్లు తాళమేసే ఉన్నది గద సారూ. గా పిల్లకు తొమ్మిదో నెల. డేరాల, మన్నుల కనాల్నా? ఆలుమగలిద్దర్ని నా పక్కకు పంపుండ్రి, కాన్పు నేను జేస్త" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "గాయన తల పగలగొట్టినోళ్ళల్ల నా మరిది గూడ ఉన్నడు. గది గూడ రాస్కో. గిసొంటోళ్ళను ఆపకుంటే ఇల్లిచ్చి ఏం ఫాయిదా?"

ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అంత బాగా రాసినందుకు మురిసిపోయాను కూడా.

మా వైపు ఒక పద్ధతి ఉంది. చదువు రానివాళ్ళ దగ్గర వేలిముద్ర తీసుకునే ముందు, కాగితంలో ఉన్నదంతా నలుగురి ముందు గట్టిగా చదవాలి. చదవని కాగితం మీద వేలు పెట్టి భూములు పోగొట్టుకున్నవాళ్ళు నైజాం కాలంలో కోకొల్లలు. అందుకే వినందే ఎవరూ వేలు పెట్టరు. సంతకం పెట్టేవాళ్ళ కాగితాలు మాత్రం ఎవరూ చదవరు, నేరుగా కట్టలోకి పోతాయి. ఆదివారం పొద్దున బడి మైదానంలో జనం కూడారు. వేలిముద్రలు వేయించు చాలు, చదవడం ఎందుకని అధికారి విసుక్కున్నాడు. చదివి తీరాలని పట్టుబట్టింది నేనే.

చదువుతుంటే ఒక్కొక్కరే మాట మార్చారు. ఇంట్లో "ఉంటే ఉండనీ, మాకేంది" అన్నవాళ్ళు మైదానంలో లేచి "నేననలే" అన్నారు. కొట్టేయడం, మళ్ళీ రాయడం. నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక లైనామె కాగితం చేతికి వచ్చినప్పుడు ఆగాల్సింది. ఒక్క నిజమైన మాటైనా వీళ్ళ చెవుల్లో పడాలని ఇంకా గొంతు పెంచి చదివాను. మరిది సంగతితో సహా చదివాను.

మరిది జనంలోంచి లేచాడు. చేతిలో బొగ్గెత్తే పార కర్ర ఉంది.

"నన్ను పోలీసోళ్ళకు పట్టిస్తవా వదినె?" అంటూనే కొట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు బల్ల దగ్గరున్న నాకు వినిపించింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. నేను సిరాబుడ్డి విసిరితే అది ఎవరికీ తగల్లేదు. మీద పడి వాడి చెయ్యి కొరికాను, వాడు మోచేత్తో పొడిస్తే నా ముందు పన్ను రాలిపోయింది. ఈలోగా, ఇదంతా ఆ ఉత్తరాదివాళ్ళ వల్లేనని అరుస్తూ జనం కంచె వైపు పరుగెత్తారు. అధికారి కాగితాల కట్టతో జీపెక్కాడు.

డేరాలకు నిప్పు పెట్టారు. లోపలివాళ్ళు లాఠీలతో బయటికొచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టారు. మావాళ్ళూ కొట్టారు. తలకు కట్టు ఉన్న ఆ మనిషి నిండుచూలాలైన భార్యను కంచె కింద నుంచి లాగుతుంటే ముళ్ళతీగ ఆమె వీపు చీల్చింది. పోలీసులు వచ్చేసరికి ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియడం లేదు.

మర్నాడు మా వెనక లైనామెను చూడ్డానికి దవాఖానకు పోయాను. వేలిముద్ర పడని ఆమె కాగితం నా జేబులోనే ఉంది.

"అక్కా, ఇది చింపేస్త. నువ్వేం చెప్పలేదని రాస్త" అన్నాను.

"చింపితే చెయ్యి అతుకుతదా?" అని కసిరింది. "మంది మాట మార్చిన్రు. నన్ను గూడ మార్చుమంటున్నవా? పట్టు, వేలు పెడ్త." కట్టు లేని చెయ్యి చాపింది. ముద్ర వేసి నా మొహం చూసింది. "నీ ఇంటి కాయితం చదవకపోతివి. ఏం రాసినవ్ సారూ?"

మా ఇంటి కాగితంలో అభ్యంతరం ఉందని రాశాను. నల్లా దగ్గర జనం పెరిగిపోతారని నా భార్య అంటే, నిజమే అనిపించి రాసి సంతకం పెట్టాను.

"ఒప్పుకున్నట్టే రాసిన అక్కా" అన్నాను.

"అయితే నేనొక్కదాన్నే గాదు" అంది. అంత నొప్పిలోనూ ఆమె మొహం తేటపడింది.

మా కాగితం వెనక్కి తెచ్చుకుని మార్చి ఉండవచ్చు. కట్ట అప్పటికే అధికారి దగ్గరుంది. ఆమె కాగితం అందులో చేర్పించాను గానీ, నాది తిరిగి అడగడానికి సిగ్గేసింది. నాలుగు రోజులకు ఆ పిల్ల కాలిన డేరా పక్కనే కన్నది. బిడ్డ దక్కలేదు. ఆ కబురు విని మా వెనక లైనామె దవాఖాన మంచం మీద కూర్చుని గోడకు తల కొట్టుకుందని నర్సు చెప్పింది.

నెల తిరిగాక అధికారి పోలీసు కాపలాతో వచ్చి తీర్పు చదివాడు. లైన్లు మొత్తం మీద ఒప్పుకున్నది ఒక్కరేనట, ఒక్కరి కోసం క్వార్టర్లు తెరవడం కుదరదట, కంచె అలాగే ఉంటుందట. ముందు వరసలో కట్టు చేత్తో కూర్చున్న ఆమె, ఒక్కరే అన్న మాట దగ్గర, మెల్లగా నా వైపు తిరిగింది. నేను బల్ల మీది కాగితాలు సర్దుతున్నాను. సర్దినవాటినే మళ్ళీ సర్దాను.