చివరి పెట్టె దాటేదాకా

డెబ్బైల చివరి మాట. నంద్యాల అవతల, కర్ణాటకకు సరుకుబండ్లు పోయే రైలుకట్ట పక్కనే మా మేనత్త ఇల్లు. కట్టకు ఆవలిపక్క వాళ్ల చేను. మామకు పుట్టు చెవుడు. గూడ్సు కూత వినపడితే అత్త చేస్తున్న పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది. చివరి పెట్టె దాటి, చేన్లో మామ కనిపించేదాకా పంటికింది కొంగు వదిలేది కాదు. ఏ చీర చూసినా కొంగు చివర పంటిగాట్లే.

ఎప్పుడో నిలిపేసిన పాసింజరు మళ్లీ వేస్తారని తెలిసి, రైలే లేని ఆళ్లగడ్డ నుంచి వచ్చిన నేను సంబరపడ్డాను.

"మంచిదే గదత్తా?"

"ఏం మంచిది నాయనా? గూడ్సు నడిచినట్టు పోతాది. ఇది ఉరుకుతాది. మీ మామకు యాడ ఇనపడతాది?"

మొదటి పాసింజరు వచ్చిన రోజు ఊరంతా టెంకాయలతో కట్ట దగ్గరే ఉంది. కట్ట మీది జనాన్ని చూసి బండి సరిగ్గా అత్త ఇంటి ముందర ఆగింది. అందరూ ఈలలు వేస్తున్నారు. అత్త కొంగు పంటికిందే ఉంది. గూడ్సయితే దాటిపోయేది. ఇది కదలదు, అవతల ఏమైందో చూడనివ్వదు. ఉన్నట్టుండి పెట్టెలోకి ఎక్కి, జనాన్ని తోసుకుంటూ అవతలి తలుపు నుంచి దిగేసింది. మామ నెత్తిన గడ్డిమోపుతో, నోరు తెరుచుకుని బండినే చూస్తున్నాడు.

పాసింజరులో మా అత్త చేసిన ప్రయాణం జన్మకు అదొక్కటే.