అయిదుగురికి మించరాదు

బహ్రెయిన్‌లోని అమ్వాజ్ దీవుల్లో మా కోడలు ఎండుమిరపకాయలు వేయించాలంటే ముందు వంటింటి తలుపు మూసి, ఫ్యాను వేసి, ఆ తర్వాత నన్ను బాల్కనీలోకి పంపిస్తుంది. అయినా ఆ ఘాటు ఎలాగో వచ్చి ముక్కు పట్టుకుంటుంది. నేను తుమ్ముతూ నవ్వుతుంటే "అత్తయ్యగారు మళ్ళీ మొదలెట్టారు" అంటుంది. నవ్వరా మరి! నా చిన్నప్పుడు ఇదే ఘాటుకి ఒక తెల్లదొర మనామాలోని మా ఇంట్లో నిలబడి బొటబొటా కన్నీళ్ళు కార్చాడు.

అప్పుడు బహ్రెయిన్ మీద ఇంగ్లీషువాళ్ళ పెత్తనం. నాన్న ఒక కంపెనీలో టైపిస్టు. చలికాలపు పొద్దున్నే సందంతా కమ్మే రొట్టెల వాసన, మధ్యాహ్నం గోలీలాటలు, ఆదివారం చర్చిలో ఆరాధనయ్యాక అమ్మ వండే కోడికూర, గోదావరి వైపు నుంచి నానమ్మ ఓడలో మోసుకొచ్చిన మిరపకాయల బస్తా, వీటి మధ్య హాయిగా పెరుగుతున్న మాకు ఒక ఏడాది సమ్మె వచ్చిపడింది. కూలీలు వీధుల్లోకొచ్చారు. ప్రభుత్వం లారీల్లో సిపాయిలను దింపింది, కళ్ళు మండే పొగగుండ్లు పేల్చింది, అయిదుగురికి మించి గుమిగూడరాదని చాటింపు వేయించింది. అనుమానం వస్తే పరదేశులను ఓడెక్కించి పంపేస్తారని నాన్న బెంగ. ఆయన ఉద్యోగం పోతే మా అందరి తిండీ పోయినట్టే.

నానమ్మ ఆ హుకుంను తు.చ. తప్పకుండా పాటించింది. ఇంట్లో మేం ఆరుగురం. "పిల్లలు ముందు తినేయండి. అందరం ఓసారి కూకుంటే మీ నాన్నని పట్టుకుపోతారు" అని రెండు పంక్తులు పెట్టింది. అది వీధుల్లో ఉండేవాళ్ళకని నాన్న ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

ఒకరోజు నానమ్మ పొగగుండ్ల పొగ లోపలికి రాకూడదని కిటికీలన్నీ బిగించి, కారప్పొడికి మిరపకాయలు వేయించింది. బయటి పొగ లోపలికి రాలేదు గానీ, మా పొగ తలుపు కింద నుంచి సందులోకి పోయింది. గస్తీ తిరుగుతున్న దొరా, ఇద్దరు సిపాయిలూ దగ్గుతూ తలుపు బాదారు. ప్రభుత్వం దగ్గర తప్ప మరెవరి దగ్గరా ఉండకూడని పొగ మా ఇంట్లో తయారవుతోందని దొరగారి అనుమానం. కళ్ళు తుడుచుకుంటూ మూకుట్లోకి తొంగిచూసి మరింత ఏడ్చాడు.  నాన్న ఇంగ్లీషులో "వంట సార్, వంటే" అని చేతులు నలుపుకుంటున్నాడు.

నానమ్మ తాపీగా మనుషుల్ని లెక్కపెట్టింది.

"ఒరే అబ్బాయ్, వీళ్ళతో తొమ్మిదిమందిమయ్యాం. ఎవరు బయటికెళ్ళాలో దొరగార్నే అడుగు."

నాన్న ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. దొర సిపాయిలను బయటికి పొమ్మన్నాడు. వెనకే తనూ వెళ్ళాడు. మూకుడు మాత్రం విచారణకని పట్టించుకుపోయాడు. ఇంకా ఒకరు ఎక్కువున్నారని నానమ్మ నన్ను పెరట్లోకి తరిమింది.

కొన్నాళ్ళకు మూకుడు తిరిగొచ్చింది. నాన్నను ఎవరూ ఓడెక్కించలేదు. అయినా చాలాకాలం రేవులో ఓడ కూసినప్పుడల్లా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. నేను ఈ కథ నవ్వుతూనే మొదలుపెడతాను గానీ, ఇక్కడికొచ్చేసరికి నాకు నాన్న మీద జాలి ముంచుకొస్తుంది.

దొరలు వెళ్ళిపోయారు. మా సందు ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు. ఆ హుకుం సంగతి చెబితే నా మనవలు నమ్మరు. నాన్న మాత్రం బతికినన్నాళ్ళూ నలుగురు మాట్లాడుకునే చోట నిలబడలేదు. ఆరాధనయ్యాక అందరూ కబుర్లలో పడితే, ఒక్కడే గేటు దగ్గర నిలబడి మా కోసం చూసేవాడు. ఆయన చుట్టూ జనం చేరగా నేను చూసింది సమాధుల తోటలోనే.