పెద్దమ్మ పాటను నేను శుభ్రం చేసిన వైనం

అమ్మ పోయి రెండేళ్లయింది. నా ఫోన్‌లో ఆమె ఫొటోలు వందలున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. న్యాల్‌కల్ దగ్గరి పొలంలో అల్లం నాటేటప్పుడు అమ్మా, వాళ్లక్క అయిన మా పెద్దమ్మా ఒకే పాటను పంచుకునేవారు. ఒక చరణం పెద్దమ్మది, తర్వాతది అమ్మది. కనీసం పెద్దమ్మ పాడే సగమైనా దాచుకోవాలని నాకు పిచ్చి పట్టింది.

దేనితో రికార్డు చేయాలన్న దగ్గర పేచీ వచ్చింది. నేను హైదరాబాద్ వెళ్లి, అరచేతిలో పట్టే డిజిటల్ రికార్డర్ కొనుక్కొచ్చాను. జహీరాబాద్‌లో మా ఇంటికొచ్చిన పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీంట్ల తిరిగేదేది?”

“ఏం తిరగదు పెద్దమ్మా. కొత్త రకం.”

“తిరగకుంటె ఇంటున్నదని నాకెట్లెర్క? గోడకు పాడినట్టుంటది. నాతోని కాదు.”

చచ్చినట్టు అటక మీది పాత టేప్‌రికార్డర్ దించాను. దాని బెల్టు సాగిపోయింది. ఒకోసారి పరుగు, ఒకోసారి నడక. అయినా చక్రాలు తిరగడం చూశాక పెద్దమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. నేను డిజిటల్‌ది కూడా పక్కనే ఆన్ చేసి పెట్టాను. ఆమె పాడింది. హైవే మీది లారీలు వంత పాడాయి.

టేపు వేసి వింటే, గొంతు కాసేపు పెద్దమ్మది, టేపు నెమ్మదించగానే చనిపోయిన పెద్దనాన్నది.

“గాయన ఎప్పుడొచ్చిండు?” అని పెద్దమ్మ పడీపడీ నవ్వింది.

నేనే గెలిచానని మురిసిపోయాను. డిజిటల్ పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి మూడు రోజులు కుస్తీ పట్టాను. హారన్లు తీసేశాను. దగ్గు తీసేశాను. ప్రతి చరణం తర్వాతా ఆమె చాలాసేపు ఊరికే ఆగింది. ఆయాసం కాబోలనుకుని ఆ ఖాళీలన్నీ కత్తిరించి అతికించాను. ఏడు నిమిషాల పాట నాలుగుకు దిగింది. అసలుది వేరే ఉంచుకోవాలన్న ఇంగితం లేక, దాని మీదే సేవ్ చేశాను కూడా.

పెద్దమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, మెచ్చుకోలు కోసం ఎదురుగా కూర్చున్నాను. మొదటి చరణం అయ్యాక ఆమె ఆగమన్నట్టు చెయ్యెత్తింది. పాట ఆగలేదు. రెండో చరణం తర్వాత కూడా ఎత్తింది. ఇక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“మంచిగనే ఉన్నది బిడ్డా. మీ అమ్మ పాడే జాగ ఏది?”

మూడు రోజులు కూర్చుని అమ్మను నా చేతులతో నేనే తీసిపారేశానని తెలిసి ఏడుపొచ్చింది.

లేచి పాత టేపు పెట్టాను. లారీలు, దగ్గు, పెద్దనాన్న గొంతు, అన్నీ వచ్చాయి. మొదటి చరణం కాగానే ఖాళీ వచ్చింది. చేసిన తప్పు దిద్దుకోవాలనిపించి, వచ్చీరాని రాగంలో అమ్మ చరణం అందుకోబోయాను.

పెద్దమ్మ నా మోకాలి మీద ఒక్కటిచ్చింది.

“నువ్వాగు బిడ్డా. దాన్ని పాడనీ.”