ఒక అరటిపండుకు పదకొండు చేతులు

అరటిపండు తినడానికి ఒక చెయ్యి చాలు. పంచడానికి మాత్రం పదకొండు కావాలి. నమ్మకం లేకపోతే ఏ పెద్దమనిషి పుట్టినరోజు మర్నాడైనా పేపర్లో జిల్లా పేజీ తెరిచి చూడండి. సర్కారు దవాఖానలో ఒక మంచం, మంచం మీద బిత్తరపోయిన రోగి, ఆయన ముందు ఒక పండు, ఆ పండును పట్టుకుని పదకొండు చేతులు. వదిలితే ఎక్కడ ఎగిరిపోతుందో అన్నట్టు పట్టుకుంటారు.

ఆ పదకొండు చేతులకూ పేర్లుంటాయి. ఫొటో కింద వరసగా అచ్చవుతాయి. రోగికి పేరుండదు. ఇక "లే పెద్దయ్యా, జర కూసో, ఫొటో దిగుతున్నరు" అని వీపు కింద చెయ్యి వేసి రోగిని కూర్చోబెట్టిన ఆయమ్మ అయితే ఫొటోలోనే ఉండదు.

ఆ ఆయమ్మ పేరు సాబిరా. పుట్టింది, మెట్టింది వీపనగండ్లలోనే. పని చేసేది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సులన్నీ ఆగే ఒక ఊరి దవాఖానలో. ఏ ఊరో చెప్పను. చెబితే మిగతా దవాఖానలు, మేమేం తక్కువ తిన్నామని అలుగుతాయి. అక్కడ ఆపరేషన్ వార్డులో పద్దెనిమిదేళ్లుగా ఆయా. పద్దెనిమిదేళ్లూ టెంపరరీయే. మనిషి జీవితమే టెంపరరీ అని పెద్దలు ఊరికే అనలేదు.

భర్త అబ్దుల్ మజీద్ పాత బస్టాండు దగ్గర గొడుగులు, తాళాలు బాగుచేస్తాడు. వాన మొహం చూడని పాలమూరు గడ్డ మీద గొడుగులు బాగుచేసి బతుకుదామనుకున్నవాడి గుండెధైర్యం గురించి వేరే చెప్పాలా? కాబట్టి ఇల్లు నడిచేది సాబిరా కొలువు మీదనే. రెండువేల ఆరులో ఆ కొలువుకు మంచిరోజు వచ్చేటట్టు కనపడింది. టెంపరరీ వాళ్లలో ముగ్గురిని పర్మనెంటు చేస్తారని లిస్టు తయారైంది. అందులో రెండో పేరు ఆమెదే. సూపరింటెండెంటు సంతకం పడటమే తరువాయి. పర్మనెంటు అయితే, ఏ పెద్దమనిషికి పొద్దున్నే కోపం వచ్చినా సాయంత్రానికి తన ఉద్యోగం ఉంటుంది. ఆమె కోరుకున్నది అంతే.

పెద్దమనుషుల సంగతి సాబిరాకు కొట్టిన పిండి. వాళ్లు వచ్చే ముందురోజు బీరువాలోంచి కొత్త దుప్పట్లు బయటికొస్తాయి. వాళ్లు పోయిన గంటకు మళ్లీ బీరువాలోకి పోతాయి. మంచాల చుట్టూ బ్లీచింగు పౌడరు ముగ్గులా పడుతుంది. వచ్చినవాళ్లు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని "బాగున్నావా?" అంటారు. బాగుంటే ఇక్కడెందుకు పడుకుంటాడన్న ఆలోచన వాళ్లకు రాదు. రోగి నోరు తెరిచి జవాబు చెప్పేలోపల పక్క మంచం దగ్గర ఉంటారు. ఒక లీడరైతే ఒకే పండుతో నాలుగు మంచాల దగ్గర ఫొటో దిగి, కారెక్కాక దాన్ని తనే తినేశాడు.

అందరూ అంతేనా అంటే, కాదు. ఒకసారి రేడియోలో పాడే పెద్దావిడ ఒకామె, తన ఇంట్లో ఒకప్పుడు వంట చేసిన మనిషిని చూడటానికి చెప్పాపెట్టకుండా వచ్చింది. రెండు గంటలు ఇనుప స్టూలు మీద కూర్చుంది. పోతూ పోతూ సాబిరా వైపు తిరిగి "నువ్వు తిన్నావా అమ్మా?" అంది. ఆ ఒక్క మాటను సాబిరా పదేళ్లు దాచుకుంది. ఇంతమంది గొప్పవాళ్లు వచ్చిపోయారు, తన పేరేమిటని ఒక్కరూ అడగలేదన్న చిన్న కొరత మాత్రం ఉండేది. ఆ కొరతా తీరింది, ఎట్లాగో చెబుతాను.

ఆ ఎండాకాలం లింగాల నుంచి బాలస్వామి అనే రైతును తెచ్చి చేర్చారు. పేగుకు రంధ్రం పడింది. కోసి కుట్టారు. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: "కిందినుంచి గాలి పోయేదాకా నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు. కుట్లు పచ్చిగా ఉన్నాయి. లోపలికి ఏమన్నా పోయిందంటే మనిషి దక్కడు." ఇక ఆ రోజు నుంచి వార్డు మొత్తానికి బాలస్వామి గాలి మీదే ధ్యాస. పొద్దున్నే డాక్టరు "పోయిందా?" అని అడుగుతాడు. బాలస్వామి తప్పు చేసినవాడిలా "ఇంక లేదు సారూ" అంటాడు. పక్క మంచాలవాళ్లు నిట్టూరుస్తారు.

మూడు రోజుల పస్తు. బాలస్వామికి కళ్లు మూస్తే జొన్నరొట్టె, తెరిస్తే పక్కవాడి టిఫిన్ డబ్బా. భార్య తిమ్మమ్మ మనసు ఆగక ఒకసారి కొంగు చాటున మజ్జిగ చెంబు తెచ్చింది. సాబిరా ఆ చెంబు లాక్కుని గడప బయట పెట్టింది.

"ఆయమ్మా, ఒక్క గుటక. నీ కాల్మొక్త," అన్నాడు బాలస్వామి.

"నా కాళ్లు మొక్కు, కడుపుల మాత్రం ఏం పడనియ్య," అని తడిగుడ్డతో ఆయన పెదవులు అద్దింది సాబిరా. "గాలి పోనియ్యన్నా, నేనే దగ్గరుండి తాగిపిస్త."

నాలుగో రోజు హీరో వచ్చాడు. సినిమా హీరోనే. పేరెందుకు లెండి, ఆయన అభిమానులకు చేతులు పొడుగు. ఆయన కొత్త సినిమా ఊళ్లో యాభై రోజులు ఆడింది. అందులో ముప్పై రోజులు చూసింది అభిమాన సంఘం వాళ్లే. సంఘం అధ్యక్షుడు శ్రవణ్ కుమార్ ఆ విజయయాత్రలో భాగంగా రోగులకు పండ్ల పంపిణీ పెట్టించాడు. పది గంటలకని చెప్పారు. రెండు దాటాక వచ్చారు. తిమ్మమ్మతో సహా రోగుల తాలూకువాళ్లందరినీ పొద్దుటినుంచీ ఎండలో గేటు బయట నిలబెట్టారు. వాళ్లు లోపలుంటే వార్డు పేదగా కనపడుతుందట.

"నువ్వు కూడ కనపడకు సాబిరా," అన్నాడు సూపరింటెండెంటు. ఆమె బాలస్వామి మంచం వెనక, గోడకు ఆనుకుని నిలబడింది.

హీరో నల్ల కళ్లద్దాలతో, చేతిలో రుమాలుతో వచ్చాడు. వెనక సంఘం, సంఘం వెనక దవాఖాన. రెండు మంచాలు అయిపోయాయి. మూడోది కిటికీ పక్కనున్న బాలస్వామి మంచం. ఫొటోలు తీసేవాడికి అక్కడి వెలుతురు తెగ నచ్చింది. "సార్, ఇక్కడ తినిపించండి సార్, బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు. హీరో పండు ఒలిచాడు. ఆ చేతికి శ్రవణ్ కుమార్ చేతితో మొదలుపెట్టి పది చేతులు తోడు పడ్డాయి.

"తిను తాతా," అన్నాడు హీరో. బాలస్వామికి యాభై. హీరోకు నలభై ఎనిమిది. సరే, అది వేరే సంగతి.

ఈ మనిషి పండు తింటే చస్తాడని తెలిసి, ఆపాల్సినవాళ్లు ఆ గదిలో ముగ్గురున్నారు. కోసి కుట్టిన డాక్టరు తల ఎత్తి ఫ్యాను వైపు చూశాడు. సూపరింటెండెంటు తల దించి తన చెప్పులు చూసుకున్నాడు. పెద్ద చదువు చదివితే ఎటు చూడాలో తెలుస్తుంది. సాబిరాకు అంత చదువు లేదు, ఆమె పండునే చూసింది. లిస్టు గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. రెండో పేరు తనదే అని కూడా గుర్తుకొచ్చింది. డాక్టరు నోరు తెరుస్తాడేమోనని ఒక్క క్షణం ఆగింది. తెరిచింది బాలస్వామి ఒక్కడే.

గాజులు గలగలమన్నాయి. ఆమె హీరో మణికట్టు పట్టుకుంది. అదే క్షణంలో కెమెరా మెరిసింది.

"వద్దు సారూ. పేగు కోసి కుట్టిన్రు. తింటే సస్తడు."

హీరో ముఖంలో నవ్వు అట్లాగే ఉంది. ఆయన వృత్తి అది. "ఏంటి డాక్టర్, నిజమేనా?" అన్నాడు.

"అంటే సార్... చిన్న ముక్క అయితే..." అని నసిగాడు డాక్టరు.

"మీరే గద సారూ, సుక్క నీళ్లు సుత వద్దన్నది!" అంది సాబిరా.

డాక్టరు మళ్లీ ఫ్యాను వైపు చూశాడు. హీరో చెయ్యి విడిపించుకుని, ఆమె పట్టుకున్నచోట రుమాలుతో తుడుచుకుని, నవ్వుతూనే బయటికి నడిచాడు. ఆయన వెనకే ఆమెనూ రమ్మన్నారు. వరండాలో కెమెరాలు లేవు, కాబట్టి నవ్వూ లేదు.

"నీ పేరేంటి?" అన్నాడు హీరో.

ఏం చెప్పమంటారు! పద్దెనిమిదేళ్ల ముచ్చట. ఆ ఒక్క క్షణం సాబిరా మనసు నిజంగానే పొంగింది. తర్వాత ఆయన పక్కనున్న పీఏ డైరీ తెరిచి పెన్ను మూత తీయడం చూసింది. సూపరింటెండెంటు ముఖం చూసింది. విషయం తెలిసిపోయింది. కొంగు సర్దుకుని, నిదానంగా చెప్పింది.

"సాబిరా బేగం. మా ఆయన పేరు అబ్దుల్ మజీద్. ఊరు వీపనగండ్ల. మంచిగ రాసుకోన్రి సారూ. పిల్లల వార్డుల ఇంకో సాబిరా ఉన్నది. నా మీది కోపం ఆ పిల్ల మీద పడొద్దు."

పీఏ మంచిగానే రాసుకున్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బాలస్వామి మంచం దిక్కు నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఒక్క క్షణం అందరూ ఊపిరి బిగబట్టారు. "పోయింది! ఆయమ్మా, పోయింది!" అని బాలస్వామి కేక పెట్టాడు. పన్నెండు మంచాలవాళ్లు చప్పట్లు కొట్టారు. హీరోకు కూడా వార్డులో అన్ని చప్పట్లు పడలేదు, నేను ఒట్టేసి చెప్పగలను. డాక్టరు వచ్చి పొట్ట మీద గొట్టం పెట్టి విని, "శభాష్! కొబ్బరినీళ్లు మొదలుపెట్టండి" అన్నాడు. సాబిరా కళ్లలోకి మాత్రం చూడలేదు. అన్న మాట ప్రకారం దగ్గరుండి తాగించింది ఆమే.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. 'రోగికి స్వయంగా పండు తినిపిస్తున్న హీరో. సహకరిస్తున్న సిబ్బంది' అని కింద రాశారు. ఈసారి చేతులు పన్నెండు. పన్నెండోది మోచేతి దాకానే పడింది, ఆకుపచ్చ మట్టిగాజులతో. పద్దెనిమిదేళ్లలో సాబిరా ఫొటోలో పడటం అదే మొదలు. పదకొండు చేతులు పెడుతున్నాయి, ఒక్కటి ఆపుతోంది. ఫొటోలో మాత్రం అన్నీ పెడుతున్నట్టే ఉన్నాయి.

నెల తిరక్కుండా లిస్టు బయటికొచ్చింది. అందులో ఆమె పేరు లేదు. ఇంకో పదిరోజులకు, వయసు పైబడిన టెంపరరీ వాళ్లను తీసేయాలని రూలు వచ్చిందన్నారు. ఆ రూలుకు ఆ దవాఖాన మొత్తంలో వయసు పైబడినట్టు కనపడింది సాబిరా ఒక్కతే. "పెద్దోళ్ల దగ్గర మర్యాదగ ఉండాలె సాబిరా," అన్నాడు సూపరింటెండెంటు, బుద్ధి చెబుతూ. మర్యాద! చచ్చేవాడి నోట్లో పండు పెడుతుంటే చెప్పులు చూసుకోవడాన్ని మర్యాద అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు పాపం. ఈ మాట రాస్తుంటే నాకే ఒళ్లు మండుతోంది.

ఇంట్లో మజీద్ సంగతంతా విని చాలాసేపు ఒక గొడుగు ఊచను వంచుతూ కూర్చున్నాడు. "గొడుగు కాడ అనుకుని పట్టినవా, ఆయన చెయ్యి?" అన్నాడు చివరికి. సాబిరాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన లేచి చాయ్ పెట్టి తెచ్చి, "మంచిగ చేసినవ్," అన్నాడు.

ఆ తర్వాత ఆమె బాలింతలున్న ఇళ్లకు పోయి పసిపిల్లలకు నీళ్లు పోసే పని పెట్టుకుంది. పల్లీలు పీకే రోజుల్లో లింగాల నుంచి, ఆపరేషన్ వార్డు ఆయమ్మకని, దవాఖాన మీదుగా కబురొచ్చింది, ఒక్కసారి వచ్చిపొమ్మని. బస్సెక్కి పోయింది. బాలస్వామి ఇంటి ముందు కట్టెలు కొడుతున్నాడు. తిమ్మమ్మ కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి తీసుకుపోయింది.

లోపల గోడ మీద, దేవుళ్ల పటాల పక్కన, పేపర్లోని ఆ ఫొటో అద్దం కట్టించి ఉంది. హీరో నవ్వుతున్నాడు. పైన కుంకుమబొట్టు. సాబిరా నోరు చేదైపోయింది. కొలువు పోయినప్పుడు కూడా ఆమెకు ఇంత బాధ కలగలేదు. వీళ్లు కూడానా అనుకుంది. అయినా ఇంటికి పిలిచినవాళ్లను ఏమంటుంది? ఊరికే దగ్గరికి పోయి చూసింది.

బొట్టు హీరో ముఖాన లేదు. పండు మీదా లేదు. ఆకుపచ్చ గాజుల చేతి మీద ఉంది.

"గిదేందక్కా, బొట్టు పెట్టినవ్? నేనింక బతికే ఉన్న గదా," అంది సాబిరా.

"ఈన బతికింది గా చేతితోని గాదా?" అంది తిమ్మమ్మ. "ఆయమ్మా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఇంటికొచ్చినోళ్లంత గీ చెయ్యి ఎవలదని అడుగుతున్రు. మా ఆయమ్మది అంటున్న. పదిహేను దినాలు మాకు అంత జేసినవ్, నీ పేరేందని మేం ఒక్కపారన్న అడగకపోతిమి," అంది.

సాబిరా చూపు తనకు తెలియకుండానే తిమ్మమ్మ చేతుల వైపు పోయింది. వాటిలో పెన్ను లేదు. పల్లీల మట్టి ఉంది.

"సాబిరా బేగం," అంది. "మా ఆయన పేరు అబ్దుల్ మజీద్. ఊరు వీపనగండ్ల."

తిమ్మమ్మకు రాయడం రాదు. అందుకని ఆ పేరును, మరిచిపోకుండా, రెండుసార్లు పైకే అనుకుంది.